కొండమీద మైకు

అమ్మవారి కొండమీద తప్పిపోయినవాళ్ళను పిలిచే ఆమెకు అసలు పేరేదో ఉండేది. అందరూ మైకమ్మ అని పిలిచి పిలిచి దాన్ని ఎప్పుడో మరిచిపోయారు. క్యూల షెడ్డు పక్కనే ఆమె గది. పైన రేకుల కప్పు, కోతులు చేయి పెట్టకుండా జాలీ కొట్టిన కిటికీ, ఒక బల్ల, గొంతు తడుపుకోవడానికి వేడినీళ్ళ ఫ్లాస్కు. స్విచ్చి నొక్కితే చాలు, కొండదారి పొడుగునా స్తంభాలకు కట్టిన స్పీకర్లన్నీ ఆమె గొంతుతో మాట్లాడతాయి.

ఆ రోజు పొద్దుటి నుంచీ మంచు విడవలేదు. గోపురం సగం దాకానే కనబడుతోంది. జనం మాత్రం తగ్గలేదు. మొక్కులున్నవాళ్ళకు మంచేమిటి, ఎండేమిటి!

"మా ఆవిడ కనబడటం లేదండి" అంటూ ఒకాయన కిటికీ దగ్గరికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మణికట్టు దాకా పెట్టిన బొత్తాలు. ముఖంలో కంగారన్నది లేదు. చేతికి గుడ్డసంచి, అందులో ఆడవాళ్ళ చెప్పులు.

"పచ్చచీర. నడుం దాటిన జడ, అదే గుర్తు. కాస్త మతి స్థిమితం లేదు. ఏవేవో చెబుతుంది, నమ్మొద్దనండి. కనబడితే గట్టిగా పట్టుకుని తీసుకురమ్మనండి."

"ఆమె దగ్గర ఫోనుందా?"

"నా దగ్గరే ఉంది. చెప్పులూ నా దగ్గరే. ఎక్కడికి పోతుందిలెండి!" అని నవ్వాడు.

ఆ నవ్వెందుకో మైకమ్మకు మింగుడు పడలేదు. అయినా ఆయన చెప్పింది చెప్పినట్టే రెండుసార్లు పిలిచింది. ఆయన వెళ్ళి ఎదుటి బెంచీమీద కూర్చున్నాడు.

ఫ్లాస్కు కడుక్కుందామని వెనక వరండాలోకి వెళ్ళేసరికి, నీళ్ళ డ్రమ్ము చాటున ముడుచుకుని ఒక పచ్చచీర.

"అరవకండక్కా, మీ కాళ్ళు పట్టుకుంటాను. మూడోసారి పిలవకండి."

"మీ ఆయన బయటే ఉన్నాడమ్మా. నీకు ఒంట్లో బాగాలేదని..."

"అందరికీ అలాగే చెబుతాడు. మొక్కుందంటే తప్ప గడప దాటనివ్వడు. అందుకే మొక్కుకున్నాను. ఆడవాళ్ళ క్యూలోంచి ఎలాగో బయటపడ్డాను. అంతలో మీరు పిలిచారు. అందరూ నా జడే చూడటం మొదలుపెట్టారు. ఎవరో చేయి పట్టుకోబోయారు."

మైకమ్మ ఎటూ తేల్చుకోలేకపోయింది. అది చూసి ఆ పిల్ల వెనక్కి తిరిగి జడ పైకెత్తింది. మెడమీద జుట్టు పట్టి లాగినట్టు కుదుళ్ళతో సహా ఊడిపోయి, అక్కడక్కడా చర్మం తెల్లగా, నున్నగా మెరిసింది. మైకమ్మ ఆ పిల్ల చేయి పట్టుకుని లేవదీసింది. ఇంతసేపూ ఈ పిల్లమీదికి కొండంత జనాన్ని ఉసిగొల్పింది తన గొంతే.

వరండా చివర తలనీలాల హాలు. అక్కడ కత్తి పట్టేది మైకమ్మ వదిన. ఈ కొండమీద తన చేతికి చిక్కని తల మీ అన్నయ్యదొక్కటేనని రోజూ వేళాకోళమాడే మనిషి, ఆ మెడ చూశాక పీట ముందుకు జరిపింది.

"అమ్మవారికి ఇచ్చేస్తావా తల్లీ?"

ఆ పిల్ల జడ చివర ఒకసారి తడిమింది. "ఇచ్చేస్తానక్కా. ఆయనకు ఇదంటేనే ప్రాణం."

మైకమ్మ గదిలోకి తిరిగొచ్చేసరికి ఆయన లోపలే ఉన్నాడు. చూపు వెనక తలుపుమీద ఉంది.

"అటెవరున్నారు?"

"మా వదిన. తలనీలాలు తీస్తుంది."

ఆయన అటు ఒక అడుగు వేశాడు. మైకమ్మ కుర్చీని కిటికీకి వీపుండేలా తిప్పి, "మీరే మాట్లాడండి. మీ గొంతు వింటే ఆవిడ ఆగదు" అంది.

ఆయనకు ఆ మాట నచ్చింది. కూర్చుని, మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఎక్కడున్నా వచ్చెయ్. నేనేమీ అననుగా. ఎప్పుడైనా ఏమన్నా అన్నానా? నువ్వొచ్చేదాకా ఈ కొండ దిగను."

ఆయన భుజం మీదుగా మైకమ్మకు దారి కనిపిస్తోంది. మంచులో వదిన, పక్కన గంధం పూసిన గుండుతో, వదిన పాతచీరలో ఒక మనిషి. సరిగ్గా స్పీకరు స్తంభం కింద ఆ గుండు ఆగిపోయింది. పిలుపు వినబడిన వైపు కాళ్ళు వాటంతటవే తిరిగాయి. ఒక అడుగు వెనక్కి కూడా పడింది. వదిన నడుం చుట్టూ చెయ్యేసి బలంగా తిప్పింది. ఇద్దరూ మంచులో కలిసిపోయారు.

"ఇంకోసారి పిలవండి" అంటూనే ఉంది మైకమ్మ, కింద బస్సు హారను వినబడేదాకా.

ఆయన మైకు కట్టేశాడు. "ఇంతసేపు మాట్లాడనిచ్చారు. అందరికీ ఇలాగే ఇస్తారా?"

జవాబు కోసం ఆగకుండా ఆయన లేచి వెనక తలుపు తీసుకుని హాల్లోకి నడిచాడు. చాలాసేపటికి తిరిగొచ్చి, చెప్పుల సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీమీద కూర్చున్నాడు.

అన్నట్టే కొండ దిగలేదు. సత్రంలో గది తీసుకున్నాడు. రోజూ దర్శనం చేసుకుని వచ్చి, మైకు గదికి ఎదురుగా కూర్చునేవాడు. "దర్శనానికొచ్చిన మనిషిని ఏ నేరం మీద వెళ్ళగొట్టమంటావమ్మా?" అన్నాడు కొండమీది కానిస్టేబులు. సందెవేళ మైకమ్మ అన్నయ్య వచ్చి, ఆడవాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని కిందికి తీసుకెళ్ళేవాడు. మలుపు మలుపుకీ ముగ్గురూ వెనక్కి చూసుకునేవారు.

ఒక పొద్దున బెంచీ ఖాళీగా ఉంది. సత్రంలో అడిగితే, తెల్లవారకముందే గది ఖాళీ చేశాడన్నారు. మైకమ్మ వదిన దగ్గరికి పరుగెత్తింది. అంతకుముందు ఆ పిల్ల అక్క ఇంటికి క్షేమంగా చేరానని వాళ్ళక్క ఫోను నుంచి ఒకసారి వదినకు చెప్పింది. ఆ నంబరుకే చేశారు. చాలాసేపు మోగాక ఆ పిల్లే ఎత్తింది.

"అతను బయలుదేరాడమ్మా!" అంది మైకమ్మ.

"మా అక్క ఇంటికే వస్తాడక్కా. తెలిసే ఆ ఇంటికి తాళం వేసి అందరం వచ్చేశాం. ఎక్కడున్నానో మీకు కూడా చెప్పను. ఏమీ అనుకోకండి."

"చెప్పకు తల్లీ. నాకు తెలియకపోవడమే మంచిది."

ఫోను పెట్టేసి మైకమ్మ కిటికీ దగ్గర నిలబడింది. మంచు విడిచి, దారంతా అడుగు దాకా కనబడుతోంది. దిగేవాళ్ళ వీపులన్నీ ఇక్కణ్ణించి ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో ఏది అతనిదో, అసలు అతను దిగాడో లేదో, ఎంత చూసినా ఆమెకు తేలలేదు.