మిరుగం నాటి చుక్క

మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, మెదక్‌లో చేపలు వండని ఇల్లు ఉందంటే, ఆ ఇంట్లో వాళ్లు శాకాహారులైనా అయి ఉండాలి, మంచం పట్టైనా ఉండాలి. హలీమా ఇంట్లో రెండు బాధలూ లేవు. పులుసు పొయ్యి మీద కుతకుతలాడుతోంది, ఇల్లంతా చింతపండు వాసన. వడ్డిద్దామంటే కూతురే చేతికి చిక్కడం లేదు. ఉమ్మె హాని పొద్దు వాలినప్పటి నుంచి ఫోను పట్టుకుని డాబా మీదికీ కిందికీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

"జర కూసో బేటా. చుక్కలేమన్న పారిపోతయా?" అంది హలీమా.

"ఇయాల పారిపోతె నా ఇజ్జత్ పోతది అమ్మీ," అంటూ మళ్లీ మెట్లెక్కింది.

ఊరికే తిరగడం కాదు పాపం. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉమ్మె హాని ఏడాదిగా తెలుగులో ఖగోళశాస్త్రం ఆన్‌లైన్ కోర్సు ఒకటి తయారు చేస్తోంది. ఆకాశం వంక ఎన్నడూ నిలబడి చూడనివాళ్లకు మొదటి పాఠాలు. హైదరాబాదులోని కమిటీ వాళ్లు, ఏదో విదేశీ కోర్సును తెనిగించి పడేస్తే చాలన్నారు మొదట్లో. అందులో ఎక్కడ చూసినా మంచు కురిసే ఊళ్లే. ఈమె మీటింగులో లేచి నిలబడింది. "మన పిల్లలకు రోహిణి కార్తె ఎరుకే, మిరుగం ఎరుకే. జైపూర్ల జంతర్‌మంతర్ మనదే. వాళ్లింటి మీదున్న ఆకాశం వాళ్లకు చూపించకుంట మంచు ఊరికి పంపుడెందుకు సార్?" అని వాదించింది. గెలిచింది కూడా. గెలిచింది గనకే ఈ తిప్పలు. ఇవాళ జిల్లా విద్యార్థులతో చేయిస్తున్న ఈ ట్రయల్ బాగా నడిస్తే రేపు కమిటీ ఒప్పుకుంటుంది, కోర్సు కాలేజీలన్నిటికీ వెళుతుంది. బెడిసిందా, మళ్లీ ఆ మంచు కోర్సే.

అన్ని పాఠాల్లోకీ ఆమెకు ప్రాణం లాంటిది మిరుగం పాఠం. 'మృగశిర కార్తె వచ్చిన సాయంత్రం చేపలు తిని, ఇంటిల్లిపాదినీ డాబా ఎక్కించి మృగశిర చుక్కలు చూపించండి' అని అందులో రాసింది. తెర మీద ఆకాశం బొమ్మ ఉంటుంది, వేలితో జరిపితే తిరుగుతుంది. జింక తల లాంటి మూడు చుక్కలు అందులో తళతళలాడతాయి. బయట నిజం చుక్కలు చూసి 'కనిపించింది' అని నొక్కితే పచ్చ దీపం, పది మార్కులు. 'కనిపించలేదు' అని నొక్కితే ఎర్ర దీపం, సున్నా. బొమ్మ చేసింది ఆమె పాత విద్యార్థి చైతన్య. రామాయంపేటలో ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఆ బొమ్మను చూసే కమిటీ మెత్తబడింది.

చీకటి పడింది. చర్చి వైపు మబ్బులున్నాయి గానీ, సూర్యుడు మునిగిన దిక్కు కడిగినట్టు తేటగా ఉంది. ఉమ్మె హాని తూర్పు చూసింది, నడినెత్తిన చూసింది, ఫోనులో బొమ్మ చూసింది, మళ్లీ తలెత్తింది. ఆ మూడు చుక్కలు ఎక్కడా లేవు. కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని ఇంకోసారి చూసింది. ఊహూ.

ఇంతలో ఫోనులో పచ్చ దీపాలు మొదలయ్యాయి. చేగుంట నుంచి ఒకరు, రామాయంపేట నుంచి ఇంకొకరు. 'మా నాయనమ్మ గూడ చూసింది మేడం' అని ఒకడు రాశాడు. హమ్మయ్య! తన అద్దాల నంబరే మారిందేమో అనుకుని ఊపిరి పీల్చుకుంది.

కమిటీ నుంచి ప్రభాకర్ సార్ ఫోన్ చేశాడు. "చూస్తున్నానమ్మా. దాదాపు అందరికీ కనిపించిందట! రేపు ఈ రిపోర్టు ముందు పెడితే ఇక ఎవరూ నోరెత్తరు."

ఆ సంబరం మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు. మళ్లీ ఫోను మోగింది.

"మేడం, నేను అంకితను, నిజాంపేట. నాకు కనిపిస్తలేదు మేడం. ఈడ మబ్బు గూడ లేదు. ఉన్నదున్నట్టు నొక్కితే ఎర్రగొచ్చింది. మా దోస్తులేమో, కనిపించిందని నొక్కవే, అయిపాయె, అంటున్నరు. గట్ల నొక్కాల్నా?"

"మంచిగ చూడమ్మా, ఉంటది," అంది ఉమ్మె హాని, క్లాసులో చెప్పే గొంతుతో. "మిరుగమంటె ఏంది? సూర్యుడు మృగశిర దగ్గరికొచ్చిన దినం. అంటె సూర్యుడు ఏడుంటె మృగశిర గూడ ఆడనే..."

మాట అక్కడే ఆగిపోయింది. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

సూర్యుడి పక్కనే ఉన్న చుక్క సూర్యుడితోనే మునిగిపోతుంది. పగలేమో ఆ వెలుగులో కనపడదు. ఏ చుక్క కార్తె నడుస్తుంటే ఆ చుక్క ఆ రోజుల్లో కంటికి దొరకదన్నమాట! నెలల పేర్ల సంగతి వేరు. మార్గశిరంలో పున్నమి చంద్రుడు మృగశిర దగ్గరుంటాడు, అప్పుడు చుక్క రాత్రంతా కనిపిస్తుంది. మన పేర్లు, మన చుక్కలు అన్న ఉత్సాహంలో ఈ మహాతల్లి కార్తెనూ నెలనూ ఒకే గాటన కట్టేసింది.

"మేడం? ఉన్నరా?"

"ఇంకేం నొక్కకు అంకితా. సంగతి నేను చూస్త," అని పెట్టేసి చైతన్యకు ఫోన్ కలిపింది. "నీ బొమ్మల ఆకాశం ఏ నెలది?"

"డిసెంబర్ది అక్కా. అప్పుడే చేసిన కద. తారీఖుతోని కలుపుడు తర్వాత చూద్దమని మీరే అంటిరి."

"పప్పుల కాలేసినం చైతన్యా." సంగతంతా చెప్పింది.

"పరేషాన్ గాకుండ్రి అక్కా," అన్నాడు చైతన్య. "ఎవ్వలన్న అడిగితె మబ్బు పట్టిందందం. మిరుగం దినాలల్ల మబ్బు పట్టకుంటదా? అయినా అందరు చూసినమనే అంటున్నరు గద!"

అదే ఆమెను కాల్చింది. సూర్యుడి వెలుగులో మునిగిపోయిన చుక్కను ఇంతమంది చూశారట, నాయనమ్మలతో సహా! నవ్వు రావలసిన చోట ఆమెకు ఏడుపొచ్చింది. పిల్లలు పది మార్కుల కోసం అబద్ధమాడారు, సరే. నిజం చెప్పిన జవాబుకు ఎర్ర రంగు పూసిందెవరు? తనే. ఆకాశం చూడమని చెప్పి, చూడకుండా నొక్కడం నేర్పింది. డాబా ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది, మళ్లీ వచ్చింది. మబ్బు అనే మాట ఎంత సులువైనది! ఏడాది కష్టం దక్కుతుంది, మంచు కోర్సు రాదు, ఒక్క నిజాంపేట పిల్ల తప్ప ఎవరికీ అనుమానం రాదు. ఆ పిల్ల కూడా ఇవాళో రేపో నొక్కడం నేర్చుకుంటుంది.

ప్రభాకర్ సార్‌కు తనే ఫోన్ చేసింది. "సార్, ఆ రిపోర్టు చూపించకుండ్రి. ఆ చుక్క ఇయాల ఎవ్వలకు కనపడదు. పాఠం నేనే తప్పు రాసిన."

"ఆ మాట రేపు అక్కడ అంటే ఆ విదేశీ కోర్సు వాళ్లకు పండగేనమ్మా," అన్నాడాయన. "మీ దగ్గర మబ్బులున్నాయేమో కాస్త చూడు."

"ఉన్నయి సార్. లేకున్నా కనపడదు."

ఆయన సరేననలేదు, వద్దనలేదు. ఫోన్ పెట్టేశాడు.

ఆమె చెప్పగా చైతన్య గొణుగుతూనే దీపాల రంగులు తారుమారు చేశాడు, 'కనిపించలేదు'కు పచ్చ, 'కనిపించింది'కి ఎర్ర. జిల్లా అంతా ఒక్కసారిగా ఎర్ర దీపాలు వెలిగాయి, నిజాంపేటలో ఒకే ఒక్క పచ్చది. పాఠం కింద ఉమ్మె హాని తన చేత్తో టైపు చేసింది: 'మిరుగం నాడు మృగశిర ఎందుకు కనపడదో ఆలోచించండి. ఈ ప్రశ్న ముందు తప్పుగా రాసిన టీచరుకు కూడా ఎర్ర దీపమే.'

హలీమా ఇక ఊరుకోలేక కంచం డాబా మీదికే తెచ్చింది. "దొరికిందా నీ చుక్క?"

"లేదమ్మీ. తప్పు దొరికింది."

"గదన్న దొరికింది. తిను, సల్లారిపోతది."

ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే అంకిత మళ్లీ ఫోన్. "మేడం, నాకు పచ్చదొచ్చింది! గని దోస్తులందరు నన్నే తిడుతున్నరు, నీ వల్లనే మాకు సున్నాలొచ్చినయని."

"మరి నువ్వేమన్నవ్?"

"నెలల పేర్ల పాఠం మల్లొకసారి చదివిన మేడం. పున్నమి చంద్రుడు మృగశిర కాడుంటెనే మార్గశిరమట. మార్గశిరంల మా డాబా మీదికి రాండ్రి, అందరం కలిసి చూద్దమన్న. మీరు గూడ వస్తరా?"

మార్గశిరం నాటికి ఈ కోర్సు ఉంటుందో ఊడుతుందో ఉమ్మె హానికి తెలియదు. రేపు కమిటీ ముందు ఏమవుతుందో అంతకన్నా తెలియదు.

"వస్త," అంది.