దొర గుండు

సూరత్ లింబాయత్‌లో నాకు ఒక క్షౌరశాల ఉంది. ఒక కుర్చీ, ఒక అద్దం, కాచుకునేవాళ్లకు ఒక బల్ల. అడాజన్‌లో ఉండే మన బ్యాంకువాళ్లూ రైల్వేవాళ్లూ కలిసి ఏటా పిల్లలకు తెలుగులో ఉపన్యాసం పోటీ పెడతారు. ఈసారి ఇచ్చిన విషయం 'నాటి విప్లవం, నేటి తిరుగుబాటు'. నా మనవరాలు ప్రమీల నేటికి నేపాల్‌ను తీసుకుంది. నాటికి నన్ను తీసుకుంది.

నేపాల్ సంగతి ఫోన్లో చూపించింది. పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. కాల్పులు జరిగాయి, చాలామంది పోయారు. పార్లమెంటు తగలబడింది. రెండో రోజు ప్రధాని దిగిపోయాడు. రెండే రోజులు తాతా, అంది. రెండు రోజుల గడ్డాన్ని నేను గడ్డం కింద లెక్కపెట్టనన్నాను. ఆ రెండో రోజు పొద్దున మంత్రులకు గడ్డం గీసింది ఎవరని కూడా అడిగాను. అది ఫోన్లో లేదంది.

నా వైపు కథ ఇది. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు మా ఊళ్లో సంఘం పెట్టుకున్నాం. వెట్టి పోవాలని దొరకు పనులన్నీ ఆపేశాం. చాకలి బట్టలు ఉతకలేదు. నీళ్లు మోసేవాళ్లు మోయలేదు. నేను గడ్డం గీయలేదు. మిగతావాళ్లు ఆపిన పనులు దొర ఉండే గడి లోపలే ఉండిపోయాయి, నేను ఆపిన పని మాత్రం దొర మొహం మీద కనిపించేది. ఊరంతా దాన్ని చూసి రోజులు లెక్కపెట్టుకునేది. నలభై రోజుల గడ్డం నిజానికి గోరంత పొడవు. ఊళ్లో మాత్రం బొడ్డు దాకా వచ్చిందని చెప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే దొర తల్లి చనిపోయింది. పదో రోజు కర్మకు కొడుకు గుండు చేయించుకోవాలి. ఆ పొద్దున దొర నున్నటి గుండుతో గడి బయటికి వచ్చి, తానే గీక్కున్నానని చెప్పాడు. చెంబుతో నీళ్లు కూడా ముంచుకోని మనిషి తన గుండు తానే గీక్కున్నాడని ఊరు డప్పులు కొట్టింది. నెల తిరక్కుండా వెట్టి పోయింది. తర్వాత పోలీసులు వచ్చి సంఘం పెద్ద నర్సింగాన్ని పట్టుకెళ్లి కాలు విరగ్గొట్టారు. అతను సూరత్ వచ్చి ముప్పై ఏళ్లు సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. అతని వెనకే నేనూ వచ్చాను. నర్సింగం ఇప్పటికీ రోజు విడిచి రోజు నా దుకాణానికి వస్తాడు, బల్ల మీద ఎవరున్నా వాళ్లకు ఆ గుండు కథ చెబుతాడు. విరిగిన కాలికి బదులు అతనికి మిగిలింది ఆ కథే.

శుక్రవారం అతను కుర్చీలో ఉన్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురగ ఉంది. ప్రమీల వచ్చి రాసింది చదివి వినిపించింది. మా ఊళ్లో ఒక్కరు కూడా మాట తప్పలేదు కాబట్టే దొర తన గుండు తానే గీక్కోవాల్సి వచ్చిందని అందులో ఉంది. ఆదివారం రెండు వందల మంది ముందు ఆ మాట చెప్పబోతోంది. నేను కత్తి ఆపాను.

“అన్నా, దొర గుండు నేనే గీకిన,” అన్నాను.

సాంచల మోతకు నర్సింగం చెవులు ఎప్పుడో పోయాయి.

“ఏంది?”

గట్టిగా చెప్పాను. బల్ల మీద ఉన్నవాళ్లు పేపరు దించారు.

మిగతాది కూడా గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు తెల్లవారుతుండగా దొర ఒక్కడే మా కొట్టం దగ్గరికి వచ్చాడు. 'రాజనర్సూ, జర గీకు' అన్నాడు. 'జర' అనేది మా దగ్గర కింది మనిషి పై మనిషిని బతిమాలే మాట. మేం దొరతో రోజుకు వందసార్లు అనేవాళ్లం. దొర నోట అదే మొదటిసారి వినడం. కత్తి తీశాను. గీకడం అయ్యాక నీ పేరు చెప్పనన్నాడు. చెప్పలేదు.

“అబద్దం,” అన్నాడు నర్సింగం. “ముసలితనంల మతి తప్పింది నీకు. లాకప్పుల దెబ్బలు తినుకుంట గూడ గదే చెప్పిన నేను, దొర సొంతంగ గీక్కున్నడని.”

“మెడెనుక ఎట్ల గీక్కుంటడే అన్నా? ఎవనికన్న అందుతదా?”

“ఎందుకందది? నాకందుతది.”

నురగ తుడుచుకుని, ఒక చెంప గడ్డంతోనే కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఏది చదవాలని ప్రమీల అడిగింది. నర్సింగం తాతను అడగమన్నాను.

“కథ నా ఒక్కనిది కాదు బిడ్డా. అండ్ల ఆయన కాలు గూడ ఉన్నది.”

శనివారం ప్రమీల అతని ఇంటికి వెళ్లింది. లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడట, పనిలో ఉన్నానన్నాడట.

ఆదివారం పొద్దున మేము బస్సుకు బయల్దేరుతుంటే నర్సింగం తలకు తువ్వాలు చుట్టుకుని దుకాణానికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని తువ్వాలు తీశాడు. ముందు భాగం మేకలు మేసిన చేనులా ఉంది. చెవుల మీద మూడు గాట్లు. వెనుక జుట్టు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

“అందలే,” అన్నాడు.

నేను వెనుక భాగం గీశాను. ముందు భాగం సరిచేశాను. శుక్రవారం మిగిలిన చెంప కూడా పూర్తిచేశాను. అప్పుడు అడిగాడు అతను.

“దొర నిజంగ జర అన్నడా?”

“అన్నడు.”

“నీతోని?”

“నాతోనే.”

అద్దంలో చూసుకుంటూ తన గుండు తడుముకున్నాడు. “అప్పుడే నాకు చెప్తే గదే చాటింపు ఏపిస్తుంటి గదరా,” అన్నాడు. “గుండు కంటె గది పెద్దది.”

తర్వాత ప్రమీల వైపు తిరిగి, ఒక్కరూ మాట తప్పలేదన్న లైను కొట్టేయమన్నాడు. మీ తాత తప్పిండని రాయి, దొర జర అన్నడని గూడ రాయి, అన్నాడు. ప్రమీల బస్సులో రాసుకుంది.

అడాజన్ హాల్లో నర్సింగం మొదటి వరుసలో కూర్చున్నాడు. ప్రమీల అంతా చదివింది. నేపాల్ మంత్రులకు ఆ పొద్దున గడ్డం గీసిందెవరో ఎవరూ రాయలేదని కూడా చెప్పింది. న్యాయనిర్ణేత సూర్యప్రకాశరావు గారు రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి దిగినాయన, కోస్తా మనిషి. ఆయన మైకు తీసుకుని, జర అంటే ఏమిటమ్మా అని అడిగారు. కొంచెం అని అర్థమని ప్రమీల చెప్పింది.

“కొంచెం గీకమన్నందుకే గీకేశారా?” అన్నారాయన. హాలు నవ్వింది.

నర్సింగానికి ఎవరు ఏమన్నారో సరిగ్గా వినబడి ఉండదు. అయినా లేచి నిలబడ్డాడు.

“కొంచెం కాదు సారు,” అన్నాడు. “జర.”