నీళ్లకు అయస్కాంతం

ఆమె నోటికి జడిసి అక్క చిన్నప్పుడే పెట్టిన పేరు చురక. పేరుకు తగ్గట్టు బతుకు కూడా ఇస్త్రీపెట్టెల మధ్యే కుదిరింది. నగరం అయిపోయి పొలాలు మొదలయ్యేచోట కట్టిన అపార్ట్‌మెంట్లో, కింద ఒక షాపు తీసుకుని లాండ్రీ నడుపుతోంది. మూడో అంతస్తులో తనూ మొగుడూ, ఆరో అంతస్తులో అక్కా బావా. బావ ఆ అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షుడు. ఇంకెవరూ నిలబడకపోవడం వల్ల గెలిచిన అధ్యక్షుడు.

అక్కడి కుళాయిల్లో వచ్చేది బోరు నీరు. బకెట్ అడుగున తెల్లటి పొర, కుళాయి మూతికి సున్నం గడ్డం. షవర్ చిల్లులు సగం పూడిపోయి, మనిషిని వదిలేసి గోడకి స్నానం చేయించేవి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, జిడ్డు పోదు. లాండ్రీ మెషిన్లలో నీళ్లు కాచే రాడ్లకు తెల్లటి పెచ్చులు కట్టి ఒకదాని తర్వాత ఒకటి కాలిపోయేవి. తమ దుప్పట్లు బూడిదరంగుకు తిరుగుతున్నాయని ఒక హోటల్ వాళ్లు లాండ్రీనే మార్చేశారు.

మొత్తం భవనానికి ఉప్పుతో పనిచేసే పెద్ద ఫిల్టరు పెట్టించమని చురక బావ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన ఊఁ అన్నాడు, ఆఁ అన్నాడు. చివరికి ఒకరోజు టై కట్టుకున్న సేల్స్‌మన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. అతని చేతిలో చెప్పుల డబ్బా అంత పెట్టె, దానికో నీలం లైటు. గొట్టానికి బిగిస్తే చాలట, లోపలి అయస్కాంతం నీళ్లను మెత్తబరిచేస్తుందట.

"ఈయన చేతులు చూస్తే ఇంట్లో కుళాయి కూడా తిప్పినట్టు లేడు. నీళ్లని మారుస్తాడా?" అంది చురక.

"నీకు సైన్సు తెలీదు అమ్మాయ్," అన్నాడు బావ.

"నాకు సబ్బు తెలుసు బావా. ఈ నీళ్లలో మన పప్పులే ఉడకవు. ఈయన పప్పులు మాత్రం భలే ఉడుకుతున్నాయి."

సేల్స్‌మన్‌కే నవ్వొచ్చింది. బావకి రాలేదు. పెట్టె కొన్నారు.

వారం తిరిగేసరికి భవనమంతా ఒకటే భజన. నాలుగో అంతస్తు రిటైర్డ్ లెక్చరర్‌గారికి జుట్టు రాలడం ఆగింది. ఆగక ఏం చేస్తుంది, రాలడానికి మిగిలినవి నాలుగు వెంట్రుకలు. పక్కింటావిడ చర్మం పట్టులా అయిందట. వాళ్ల దాకా ఎందుకు, సొంత మొగుడే కాఫీ చప్పరిస్తూ, "ఏమైనా మీ బావ గట్టివాడే. రుచి మారింది," అన్నాడు.

"కాఫీపొడి మార్చాను," అంది చురక.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకాలని ఆమెకు ఒళ్లు మండిపోయేది. అయితే ఒక ఉదయం తన షాపులో చేతులు కడుక్కుంటుంటే సబ్బు కాస్త బాగా నురగ వచ్చినట్టు అనిపించింది. నిజమేనేమో అని ఒక్క క్షణం నిలబడిపోయింది కూడా. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు షాపు వాల్వు కారుతోందని, నీళ్లు కట్టేయడానికి ప్లంబర్‌తోపాటు మోటారు గదిలోకి వెళ్లింది. మోటారు నడుస్తోంది. గోడ వెంట రెండు గొట్టాలు. ఒకటి తడిచెమట పట్టి సన్నగా వణుకుతోంది. పెట్టె బిగించింది రెండోదానికి. దానిమీద చెయ్యి వేసి చూస్తే కదలిక లేదు, చల్లదనం లేదు. దుమ్ము, దాని పైన సాలెగూడు.

"ఇదేం గొట్టం?"

"పాత బోరుదండి. ఆ బోరు ఎండిపోయి చాలా ఏళ్లయింది," అన్నాడు ప్లంబర్.

"మరి పెట్టె దీనికెందుకు బిగించావు?"

"నేను కాదండి. ప్రెసిడెంటుగారే దగ్గరుండి పెట్టించుకున్నారు. ఇక్కడైతే లైటు బయటికి కనబడుతుందన్నారు."

చురక అక్కడే గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతుండగానే ఆనాటి సబ్బు నురగ గుర్తొచ్చింది. నవ్వు అక్కడే ఎండిపోయింది.

ఆదివారం సంఘం మీటింగులో లేచి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "మీ జుట్టూ, మీ చర్మమూ బాగుచేసింది చుక్క నీరు పారని గొట్టమండీ. పోయి చూసుకోండి."

ఎవరూ సిగ్గుపడలేదు. లెక్చరర్‌గారు గొంతు సవరించుకుని, అయస్కాంత ప్రభావం చుట్టుపక్కలకు కూడా పాకుతుందని వివరించారు. పక్కింటావిడ, "మంచి జరుగుతుంటే కొంతమందికి కడుపుమంట," అంది గోడవైపు చూస్తూ. బావ మాత్రం ఎర్రబడ్డ మొహంతో మర్నాడే పెట్టెను సరైన గొట్టానికి మార్పించాడు.

ఇక చూడాలి. నీళ్లు వాసన వస్తున్నాయన్నారు. దురదలన్నారు. లెక్చరర్‌గారి జుట్టు మళ్లీ రాలడం మొదలైంది. పది ఇళ్లవాళ్లు కలిసి వచ్చి గొడవ చేస్తే, పెట్టెను తీసుకెళ్లి తిరిగి ఎండిన గొట్టానికే బిగించారు. అందరూ కుదుటపడ్డారు.

ఆ రోజుతో చురక వాళ్లకి చెప్పడం మానేసింది. తన షాపు వరకు ఉప్పు ఫిల్టరు పెట్టించుకుంది. రాడ్లు కాలడం ఆగింది, దుప్పట్లు తెల్లబడ్డాయి, హోటల్ వాళ్లు తిరిగొచ్చారు.

ఒక మధ్యాహ్నం అక్క పెద్ద సంచీతో షాపులోకి వచ్చింది. లోపల బావ తెల్లచొక్కాలు. కాలర్లు పసుపురంగు, చంకల్లో అట్టలు కట్టినట్టు బిరుసు.

"నీ నీళ్లలో ఉతికి పెట్టవే. మీ బావకి మాత్రం తెలియనివ్వకు."

"అంటే నీకు తెలుసన్నమాట."

"ఇంట్లో గిన్నెలు తోమేది నేను. నాకు తెలీదా?"

"మరి ఆ రోజు మీటింగులో నోరు విప్పలేదేం?"

అక్క సంచీ అంచు నలుపుతూ, "పెళ్లయిన ఇన్నేళ్లకి ఆయన్ని నలుగురు మెచ్చుకోవడం ఇప్పుడే చూస్తున్నానే. ఉండనీ," అంది.

"ఆ నలుగురూ వెర్రివాళ్లయినా సరేనా?"

"సరే."

చురక చొక్కాలు మెషిన్లో పడేసింది. అవి మల్లెపూల్లా తేలాయి.

తర్వాతి మీటింగుకి బావ వాటిలో ఒకటి తొడుక్కుని వచ్చాడు. మైకు ముందు నిలబడి కాలర్ రెండు వేళ్లతో పట్టుకుని చూపించాడు. "అనుమానం ఉన్నవాళ్లు ఈ చొక్కా చూడండి. మన కుళాయి నీళ్లలో ఉతికింది!"

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొడుతున్నది చురక పక్కనే కూర్చున్న ఆమె మొగుడు. మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ముందు వరసలోంచి అక్క తల తిప్పి చూసింది, ఒద్దే అన్నట్టు. చురక ఆ మాట మింగి కుర్చీలోంచి లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు మొగుడు.

"మెషిన్ ఆగి ఉంటుంది. మీరు కొట్టండి చప్పట్లు. చేతులకి పట్టిన సున్నమైనా రాలుతుంది," అని మెట్లు దిగిపోయింది.