కంటికి బొట్టు

నేను ఒక మోషన్ కంట్రోలర్‌ను. టీవీ ముందు నన్ను పట్టుకుని చెయ్యి ఊపితే తెర మీది బొమ్మ కూడా బ్యాటు ఊపుతుంది. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, ఓడెక్కి, చివరికి హనుమకొండలో సమ్మయ్య వీడియోగేముల దుకాణంలో పడ్డాను. తోబుట్టువులంతా అట్టపెట్టెల్లో ఉంటే, నన్నొక్కదాన్నే జనానికి ఆడి చూపించడానికి బయటపెట్టారు.

మమ్మల్ని పట్టుబట్టి తెప్పించింది సమ్మయ్య భార్య కోమల. "కొత్తొక వింత, పాతొక రోత. నెల తిరిగితే ఎవ్వరు ముట్టరు," అని సమ్మయ్య గొణిగాడు. దసరానాడు జనానికి నచ్చకపోతే అన్నీ తిరిగి పంపేద్దామని కోమల మాటిచ్చింది. పాపం, ఆమె పరువంతా నా మీదే ఉంది.

దసరా పొద్దున ఆయుధపూజ. సమ్మయ్య మహా భక్తుడు. స్క్రూడ్రైవర్లకు, తాళాలకు, గల్లాపెట్టెకు బొట్లు పెట్టి నా దగ్గరికి వచ్చాడు. నుదురెక్కడో తెలియక, ముందువైపు నల్లటి గాజుముక్క మీద గంధం పూసి కుంకుమ అద్దాడు. అది నా కన్ను! తెరను నేను చూసేది దానితోనే.

మధ్యాహ్నానికి దుకాణం నిండిపోయింది. కోమల ఊపింది, మళ్లీ ఊపింది. బొమ్మ కదిలితే ఒట్టు.

"నేజెప్పలే?" అన్నాడు సమ్మయ్య. కోమల ముఖం చిన్నబోయింది. నాకు నోరుంటే గట్టిగా అరిచేదాన్ని. ఆమె నన్ను పెట్టెలో సర్దబోతూ తిప్పి చూసింది.

"కంటికి బొట్టు పెట్టినవా! ఇంకెట్ల కనవడ్తది దానికి?"

కొంగుతో తుడిచి ఊపింది. బంతి బౌండరీ దాటింది. రిటైరైన వీరస్వామి సారు నన్ను అందుకుని, గుమ్మానికి కట్టిన బంతిపూల దండ తెగిపడేలా ఊపాడు. జనం పగలబడి నవ్వారు. సాయంత్రానికి, సారు కొన్నదానితో కలిపి, సగం పెట్టెలు అమ్ముడుపోయాయి.

"ఇప్పుడన్న ఒప్పుకుంటవా?" అని కోమల భర్తను అడగాల్సింది. కానీ ఆమె తొందరపడలేదు. "మొదటిది మోజుకు కొంటరు. రెండోదాని కోసం మళ్ల వస్తేనే గెలిచినట్టు," అంది.

కొన్నాళ్లకు పేపర్లో పెద్ద వ్యాసం వచ్చింది. కోట్లలో అమ్ముడైనా మేం అటకెక్కామని, మా పని అయిపోయిందని నిపుణులు తేల్చేశారట. సమ్మయ్య దాన్ని గొంతెత్తి చదువుతుండగానే వీరస్వామి సారు వచ్చాడు.

"ఇంకోటి ఇయ్యి బిడ్డా. మా ఆమె నా చేతిలకెళ్లి గుంజుకుంటున్నది."

పెట్టెలన్నీ అప్పటికే అయిపోయాయి. మిగిలింది నేనే. కోమల భర్త వైపు చూసి నవ్వింది. సమ్మయ్య చదువుతున్న పేపరు మధ్యకు చింపి, నన్ను అందులోనే చుట్టి సారు చేతికిచ్చాడు.