పేకాట కేసు అనుకున్నాడు

అంకమ్మరావు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు మోసే హమాలీ. సెంటు భూమి లేదు. అయినా ఆరు వందల బస్తాలు దాచుకున్న రైతునని కాగితాల మీద సంతకం పెట్టాడు. ఓనరు ఇన్సూరెన్సు కాగితాలన్నాడు, ఇతను పెట్టాడు. లేని మిర్చి మీద బ్యాంకు అప్పిచ్చింది. ఓనరు తిన్నాడు. చీటింగ్ కేసు మాత్రం ఇద్దరి మీదా పడింది.

ఓనరు పెద్ద లాయర్ని పెట్టుకుని వాయిదాలు తిప్పుతున్నాడు. మనవాడికి లాయరే లేడు. కోర్టే ఉచితంగా లాయర్నిస్తుందని చెప్పినవాడూ లేడు. మూడో వాయిదాకే "ఒప్పుకున్నానండీ" అనేశాడు.

ఎందుకంటే అంతకుముందు పేకాట కేసులో తొమ్మిదిమంది వరసగా నిలబడి అదే మాటన్నారు. జరిమానా కట్టి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చారు. వాళ్లలో ఇతనూ ఒకడు. కోర్టంటే అంతే అనుకున్నాడు. వాయిదాకి పోతే ఆ రోజు కూలి పోతుందాయె!

ఈసారి మూడేళ్ల జైలు పడింది.

వారం తిరక్కముందే భార్య కోటిరత్నం తీర్పు కాపీ పట్టుకుని ఒంగోలులో లాయరు శ్రీరమ్య దగ్గరికెళ్లింది.

"మా ఆయన దొంగ కాదు మేడమ్. పై కోర్టులో ఆ మాట చెప్పండి."

"ఒప్పుకున్నాడు కదమ్మా, ఇప్పుడు చెప్పనివ్వరు. శిక్ష ఎక్కువైంది, తగ్గించండి అని అడగొచ్చు. ఏడాదిలో బయటికి రావచ్చు. దొంగన్న ముద్ర పోదు."

"ఇంకో దారి లేదా?"

"అర్థంకాక ఒప్పుకున్నాడని చూపించాలి. నెగ్గితే కేసు మళ్లీ మొదట్నుంచి. ఏళ్లు పట్టొచ్చు. చివరికి ఓడితే ఏడేళ్ల దాకా వెయ్యొచ్చు."

కోటిరత్నం జైలుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఏమయ్యా, తగ్గించమని అడుక్కుందామా, కొట్లాడదామా?"

"నువ్వేమంటావే?"

"మొన్న మిరపకాయల తొడిమలు తీస్తుంటే పక్కనావిడ తన సంచి అవతలికి జరుపుకుంది. దొంగ పెళ్లాన్నంట."

అంకమ్మరావు కమ్మీల దగ్గరికి జరిగాడు.

"కొట్లాడదాం."

అప్పీల్లో శ్రీరమ్య ఎక్కువ మాట్లాడలేదు. కింది కోర్టు రికార్డులో ఒకే ఒక్క ముక్క ఉంది: నేరం వినిపించాం, ఒప్పుకున్నాడు. "సెంటు భూమి లేనివాడు ఆరు వందల బస్తాలు ఎక్కడ పండించాడండీ? ఏం ఒప్పుకున్నావని ఒక్కరైనా అడిగారా?" అంది. జడ్జిగారు కాగితాలు రెండుసార్లు తిరగేశారు. శిక్ష కొట్టేసి, బెయిలిచ్చి, విచారణ మళ్లీ మొదలుపెట్టమన్నారు.

కింది కోర్టులో ఈసారి మేజిస్ట్రేటు నిదానంగా చదివి వినిపించాడు.

"నేరం ఒప్పుకుంటావా?"

అంకమ్మరావు వెనక్కి తిరిగి కోటిరత్నాన్ని చూశాడు. చేతులు కట్టుకున్నాడు.

"పేకాటయితే ఒప్పుకుందునండీ. ఈ మిర్చి నాది కాదు. సంతకం ఒక్కటే నాది."

గుమాస్తా నవ్వబోయాడు. "నవ్వకు. అన్నదన్నట్టే రాయి" అన్నాడు మేజిస్ట్రేటు.

వాయిదా పద్దెనిమిదో తారీకుకి పడింది. ఆ రోజు కూలి కూడా పోయినట్టే.

"పోనీ" అంది కోటిరత్నం.