సత్యశ్రీ పుస్తకంలో ఛాయ ఫిట్లు

శివనాథ్ నది పొంగి దుర్గ్ వంతెన మీదికి నీళ్లెక్కిన ఏడాది ఇది జరిగింది. వరద తీసేసరికి నా చిన్నకొడుకు కూతురు ఛాయకి మూడో నెల వచ్చింది.

నేను ఉక్కు ప్లాంటులో కోక్ ఓవెన్ బట్టీల దగ్గర పనిచేసి రిటైరై సుపేలాలో చిన్నోడు మనోజ్‌కుమార్ దగ్గరుంటన్నాను. వాడికి ప్లాంటు ఉద్యోగం లేదు, ఆటో నడుపుతాడు. పెద్దోడు యుగంధర్‌ది ప్లాంటే, సెక్టర్ 4లో క్వార్టరు. ప్లాంటు ఆసుపత్రిలో చూడాలంటే మెడికల్ పుస్తకం ఉండాలి. అది ఉద్యోగికీ వాడి పెళ్లాం పిల్లలకీ, నాలా రిటైరైనోళ్లకీ ఇస్తారు. యుగంధర్ కూతురు సత్యశ్రీకి ఉంది. ఈడు ఒకటే గాని ఛాయకి లేదు.

ఛాయకి మొదటి టీకా సూది మా వీధి డిస్పెన్సరీలో వేయించేం. ఆ సాయంత్రమే పిల్ల బిగుసుకుపోయి కళ్లు తేలేసింది. యుగంధర్ సత్యశ్రీ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టేడు. ఒకరి పుస్తకం మీద ఇంకొకరికి మందు తెచ్చుకోడం మాలో కొత్త కాదు. దాంతోనే ప్లాంటు ఆసుపత్రికి పట్టుకెళ్తే పిల్ల తేరుకుంది. ఫిట్లు మాత్రం సత్యశ్రీ పేరున రాసేరు. రెండో సూదికి నా దగ్గరికే తీసుకురండి, ఇంకెక్కడా వేయించకండి అని డాక్టరమ్మ మణిమాల మరీ మరీ చెప్పింది.

రెండో సూది రోజు వచ్చింది. మళ్లీ ఆ పేరునే వేయిస్తే సత్యశ్రీకి వేసినట్టు ముద్ర పడతాది, ఇంక దానికి వెయ్యరు. నిజం చెప్తే యుగంధర్ ఉద్యోగం మీదికొస్తాది. వాడు ఉతై ఊళ్లో పెట్టిన సర్కారు టీకాల క్యాంపుకి తీసుకెళ్లమన్నాడు. అక్కడ పుస్తకాలు అడగరు, నర్సు వరసగా వేసుకుపోతాది. మనోజ్ వాళ్లన్న మాటకి తలూపేడు. ఛాయ తల్లి కుముదిని నావేపు చూసింది.

"అక్కడ మళ్లీ బిగుసుకుంటే ఎవరున్నారు మావయ్యా?"

పిల్లని ఎత్తుకుని, సత్యశ్రీ పుస్తకం పట్టుకుని ప్లాంటు ఆసుపత్రికి వెళ్లేను.

డాక్టరమ్మ పుస్తకం తెరిచింది.

"ఈ పిల్ల సత్యశ్రీ కాదమ్మా. ఛాయ. ఫిట్లొచ్చింది దీనికే" అన్నాను.

ఆవిడ కలం పక్కన పెట్టింది.

"ఆ పిల్లకి లేని జబ్బు రాయించేవు తాతా. రేపు దానికి నేను సూది ఆపేద్దును" అంది.

ఛాయకి పాత సూది పనికిరాదని, కోరింత దగ్గు మందు కలవనిది వేరే ఉందని చెప్పి అది వేసింది. మధ్యాన్నం దాకా బెంచీ మీదే కూచోమంది. పిల్ల నిద్రపోయింది. ఏమీ కాలేదు. నాకూ ఏమీ అనిపించలేదు. పుస్తకం వాళ్లే ఉంచుకున్నారు, ప్లాంటు ఆఫీసుకి కబురెళ్లింది.

షిఫ్టు దిగి యుగంధర్ సుపేలా వచ్చేడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రేపు పదింటికి రమ్మన్నారు, చార్జిషీటట. ఉతైలో అందరి పిల్లలకీ ఏస్తన్నారు కదా నాన్నా, నీ మనవరాలేటి మహరాణీయా?"

నేను అన్నం తింటన్నాను. తినడం అయ్యేసరికి వాడు వెళిపోయేడు.

మర్నాడు వాడికంటే ముందే ఆఫీసుకి వెళ్లేను. పుస్తకం యుగంధర్ ఇవ్వలేదు, వాడింట్లోంచి వాడికి తెలీకుండా నేనే పట్టుకొచ్చేను అని అక్కడి గుమస్తా చేత రాయించేను. రాస్తా రాస్తా అతను ఆగేడు. ఇది పెడితే నీ సొంత పుస్తకం కూడా రద్దవుతాది, నీ బీపీ మాత్రలు బయట కొనుక్కోవాల్సిందే అన్నాడు.

రాయమన్నాను. కింద సంతకం పెట్టేను.