సిగ్గుకూర

పొద్దున తొమ్మిది కాకముందే కృప దవాఖాన మెట్లెక్కుతుంది. భుజానికి ఒక సంచి, చేతిలో ఇంకో సంచి. భుజం సంచిలో ఎఫ్ఐఆర్ నకళ్లు, డాక్టరు చీటీలు, ఎక్స్‌రే ఫిల్ములు ఉంటాయి. చేతి సంచిలో ఆకుకూర ఉంటుంది. బాన్సువాడలో వకీలు రాజేశ్వర్ దగ్గర ఆమె ఆరేళ్లుగా గుమస్తా. కోటగిరి రోడ్డు మీద బండి తగిలినా, నస్రుల్లాబాద్ కాడ ట్రాక్టర్ బోల్తాపడ్డా, కాళ్లూ చేతులూ విరిగినవాళ్ల కాగితాలన్నీ ఆమె చేతుల మీదుగానే కోర్టుకు పోతాయి.

కాగితాలు మోసే కొలువే కదా అనుకుంటారు అందరూ. అసలు పని వేరు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చోవాలి. నొప్పితో మూలిగే మనిషి చేత జరిగిందంతా మొదటినుంచి చెప్పించుకోవాలి. ఏడిస్తే ఆగాలి. మందుల చీటీలు పారేయొద్దని చెప్పాలి, పారేస్తే చెత్తడబ్బాలోంచి ఏరుకోవాలి. వేలిముద్ర పెట్టించే ముందు రాసిందంతా చదివి వినిపించాలి. లేచేముందు, రక్తం పట్టాలన్నా ఎముక అతకాలన్నా ఆకుకూర తినాలని డాక్టరు చెప్పి మరిచిపోయిన మాటను మళ్లీ చెప్పాలి. ఉత్త మాట చెప్తే ఎవరు తింటారు? అందుకే కూర కూడా తనే తెచ్చిస్తుంది.

అది కొన్న కూర కాదు. కృప తల్లివైపు ఆడవాళ్లకు సిగ్గుపడ్డచోట కూర మొలుస్తుంది. ఎప్పటినుంచో చెప్పగలిగే పెద్దలిప్పుడు లేరు. వాళ్ల అమ్మమ్మ ఒక పెండ్లిలో రెండోసారి అన్నమడిగి లేదనిపించుకుంటే, ఆమె విస్తరి చుట్టూ గుప్పెడంత ఎత్తున తోటకూర లేచిందట. పెండ్లివాళ్లు మర్నాడు ఆ కూరతోనే పప్పు వండుకున్నారట. చిన్న సిగ్గుకు గంగవాయిలి మొలుస్తుంది, అబద్ధమాడిన సిగ్గుకు పుంటికూర, అదే గోంగూర. అది మొలవగానే తెంపుకోవాలి, వండుకోవాలి. ఎందుకు మొలిచిందని అడగడం మాత్రం మర్యాద కాదు.

ఆఫీసులో తోటి గుమస్తా నగేశ్‌కు ఆ మర్యాద కొంచెం తక్కువ. "కృపక్కా, నీ కుర్సి కింద మల్ల మొలిచింది చూడు. నేను తెంపుకోనా? మా ఇంట్ల ఇయ్యాల కూరకేం లేదు" అంటాడు.

"తెంపుకో. వేర్లతో సహా పీకు, బండలు లేస్తున్నయని సారు తిడుతుండు."

"నువ్వు గిట్ల సిగ్గుపడుకుంట ఉంటే మా ఆమెకు కూరల ఖర్చే లేదక్కా" అని నవ్వుకుంటూ కుర్చీ కిందికి దూరతాడు.

కృప సిగ్గుకు కారణం అతనికి తెలియదు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. కృప తల్లి పెంటవ్వ చేలల్లో కూర ఏరుతుంది. తెల్లవారుజామునే లేచి, వరి గట్ల మీదా మక్క చేలల్లోనూ ఎవరూ విత్తని కూర ఏరి, కట్టలు కట్టి, గంప నెత్తిన పెట్టుకుని బాన్సువాడ వీధుల్లో అమ్ముతుంది. కృపను ఆ గంపే చదివించింది. కానీ ఉద్యోగంలో చేరిన మొదటిరోజు "మీ అమ్మ ఏం చేస్తదమ్మా?" అని రాజేశ్వర్ అడిగితే, "ఇంట్లనే ఉంటది సార్" అనేసింది. ఒకసారి పెంటవ్వ సరిగ్గా ఆఫీసు ముందునుంచే "కలెగూరో" అని తన కలగలుపు కూర పేరు కేకేసుకుంటూ పోయింది. కృప బీరువా వైపు తిరిగి, చేతిలో ఉన్న ఫైలునే వెతికింది. తల్లి చూసింది. ఆగలేదు, పిలవలేదు. రెండడుగులు పోయాక కేక మాత్రం మానేసింది.

ఆ సాయంత్రం కృప సంచినిండా పుంటికూరతో ఇంటికి పోయింది. పెంటవ్వ ఏమీ అడగలేదు. ఆకు తుంచి, కడిగి, పచ్చిమిర్చితో ఉడికించి రోట్లో నూరింది. "మంచిగున్నది, బాగ పులుసున్నది" అంది. ప్రార్థన చేసి ఇద్దరూ జొన్నరొట్టెతో తిన్నారు. ఆమెన్ అనాల్సిన చోట కృప రొట్టె తుంచింది.

నిరుడు వానాకాలంలో జమునాబాయి కేసు వచ్చింది. నస్రుల్లాబాద్ దగ్గరి తండా మనిషి. ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడితే వెనకనుంచి వ్యాను గుద్దింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. లోపల రాడ్డు వేశారుగాని మోకాలు ఇక మడత పడదన్నారు. కృప పోయేసరికి భర్త భీమ్లా మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వేం పని చేస్తుంటివి జమునక్కా?" అని కృప రాసుకుంటూ అడిగింది.

"పనేం చేస్త బిడ్డా. చేన్లల్ల కూర ఏరుకుంట, గింత అమ్ముకుంట. గదేం పని?"

కృప చేతిలో పెన్ను ఆగింది. అదేం పనో ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఏ కోర్టు గుమస్తాకూ తెలియదు. రోజంతా గొంతుక్కూర్చుని గట్టు వెంట జరగడం తెలుసు. ముదురు కాడను గోటితోనే పసిగట్టడం తెలుసు. నేల పదును తప్పితే కూర దొరకదని, ఎండెక్కితే వాడిపోతుందని తెలుసు.

ఆఫీసుకొచ్చి ఆ మాట చెబితే రాజేశ్వర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కూర ఏరుకునుడు గూడ ఒక పనేనా కృపా? దానికి రశీదుంటదా, కార్డుంటదా? నీకు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా, గట్ల ఏరి బతికేటోళ్లు? సాక్ష్యం చెప్పేటోళ్లు?"

నగేశ్ ఇటు తిరిగి చూస్తున్నాడు.

"లేరు సార్" అంది కృప.

"అయితే వృత్తి కాడ ఏం లేదని రాసెయ్."

రాసేసింది. ఆ సాయంత్రం నగేశ్ రెండు సంచుల పుంటికూర ఇంటికి తీసుకుపోయాడు. మర్నాడు వార్డులో వేలిముద్రకు ముందు కృప పిటిషన్ మొత్తం చదివి వినిపించింది, ఒక్క వరస తప్ప. ఆరేళ్లలో ఆమె ఒక వరస దాటేయడం అదే మొదటిసారి. జమునాబాయి నమ్మకంగా బొటనవేలు ముందుకు చాపింది.

పని చేసే మనిషికి కాలు పోతే ఆ పని పోయిందని కోర్టును అడగొచ్చు. పని లేదని రాసుకున్న మనిషి ఏమని అడుగుతుంది? అది తెలిసే కృప ప్రతి వారం తండాకు కూర మోసుకుపోయేది. ఇవ్వాళ సారుకు చెప్పి ఆ వరస సవరించాలని పొద్దున అనుకునేది. చెప్తే, నీకెట్లా తెలుసని ఆయన అడుగుతాడు. రేపు చూద్దామని సాయంత్రం అనుకునేది. అంతలో కుర్చీ కింద మళ్లీ మొలిచేది.

ఆ కూరే తిని జమునాబాయికి రక్తం పట్టింది. గోళ్లు ఎరుపెక్కాయి. చంకకర్ర మీద నాలుగడుగులు వేసిన రోజు భీమ్లా కోడిని కోస్తానన్నాడు. "కోడెందుకు, పోరి కూర తెచ్చింది గద" అంది జమునాబాయి. గిన్నెలోంచి వేలితో తీసి నాకి, కళ్లు మూసుకుంది. చేలల్లో పుట్టి పెరిగిన నాలుక ఆమెది.

"బిడ్డా, గీ కూర చేన్లది కాదు."

కృప ఖాళీ సంచి మడత పెట్టసాగింది.

"సిగ్గుది. నేను యాభై తీర్ల కూర ఎరుగుదు, గీ పులుసు నాకు ఎరుకే. మా తండల గూడ ఒకామెకు గిట్లనే మొలుస్తుండె, పాపం." మెల్లగా అడిగింది. "నడవరాక పడ్డది నేనైతి. నీకేమాయె, గింత సిగ్గు?"

"ఏం లేదక్కా" అంది కృప. పీట పక్కన మట్టిలో పుంటికూర ఎర్రకాడ ఒకటి తలెత్తింది. జమునాబాయి దాన్ని గిల్లి గిన్నెలో వేసుకుంది. మళ్లీ అడగలేదు.

సాక్ష్యం రోజు వచ్చింది. కోర్టు హాలులో పాత షాబాదు బండలు. జడ్జి మేడం పైన కూర్చున్నారు. రాజేశ్వర్ అడిగినవాటికి జమునాబాయి తడబడకుండానే చెప్పింది. తర్వాత ఇన్సూరెన్సు వాళ్ల వకీలు దేవిదాస్ లేచాడు. చెడ్డవాడు కాదు, తన పని తను చేసుకునే మనిషి.

"ఏం పని చేసేదానివమ్మా?"

"కూర ఏరి అమ్ముత సారు. తెల్లారకముందే లేస్త."

"పని చేసేదాన్నంటున్నవ్. మరి నీ పిటిషన్‌ల ఏం రాసుకున్నవ్? వృత్తి, ఏమీ లేదు. చదివి వినిపిస్తె గద వేలిముద్ర పెట్టినవ్?"

"చదివిండ్రు సారు. గా మాట లేకుండె."

"లేకుండెనా! అంటే కోర్టు కాగితం అబద్ధం, నువ్వు సత్యమా?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జమునాబాయి భీమ్లా వైపు చూసింది. భీమ్లా తల దించుకున్నాడు. జమునాబాయి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను చేయని తప్పుకు ఆమె ముఖం ముడుచుకుపోవడం కృప చూసింది. ఆ సిగ్గు తనది. తను మోయాల్సిన గంప ఇంకొకరి నెత్తిన ఉంది.

గుమస్తా లేచి మాట్లాడే చోటు కాదది. అయినా కృప లేచింది.

"మేడం, ఆమె చెప్పింది. నేనే రాయలే. వేలిముద్రకు ముందు గా వరస చదవకుండ దాటేసిన."

రాజేశ్వర్ చప్పున వెనక్కి తిరిగాడు. "కృపా, కూసో."

"ఆగండి" అన్నారు జడ్జి మేడం. "ఎందుకు దాటేశావమ్మా?"

"మా అవ్వ గూడ గిదే పని చేస్తది మేడం. గీ కోర్టు ముంగటికెళ్లే గంప పట్టుకొని పోతది. పెంటవ్వ అంటరు. గది పని అని నేను రాస్తె, నీకెట్ల ఎరుక అని అడుగుతరని... సిగ్గయింది. నన్ను సాదిన పనిని పని కాదని రాసిన."

అప్పుడు మొలిచింది. ఇన్నేళ్లూ ఒక్కో రెమ్మగా వచ్చింది ఒక్కసారే వచ్చినట్టు, కృప కాళ్ల దగ్గరి బండ సందులోంచి మొదలై, బోను దాకా, వకీళ్ల బల్లల కిందుగా, అటు గోడ దాకా. పుంటికూర ఒక్కటే కాదు. తుమ్మి, చెంచలి, గునుగు, గంగవాయిలి, పేరు తెలిసినవీ తెలియనివీ కలిసి, నేలబారుగా, తడితడిగా. బంట్రోతు మహిపాల్ చెప్పులు విడిచి పక్కకు జరిగాడు. దేవిదాస్ తన ఫైళ్లు తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

జమునాబాయి కిందికి చూసింది. తర్వాత ఆమె చేసింది ఎవరూ చెప్పి చేయించింది కాదు. కూర కంట పడితే చేయి ఊరుకోని మనిషి. చంకకర్ర పక్కన పెట్టి, అలవాటుగా గొంతుక్కూర్చోబోయింది. కాలు మడత పడలేదు. "యాడీ" అని తండా మాటలో అమ్మను తలుచుకుని, పళ్లు బిగించి, బోను మెట్టు పట్టుకుని, రాడ్డు వేసిన కాలు ముందుకు చాపి నేల మీద చతికిలబడింది. ఇక ఆమె వేళ్లు కదిలాయి. తుంచడం, దులపడం, అరచేతిలో పేర్చడం. గునుగు నారతోనే ముడి. ఒక కట్ట, రెండు, పది. తక్కెడ లేదు, కట్టలన్నీ ఒకే తూకం. హాలులో ఆకు తెగే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

జడ్జి మేడం లేచి నిలబడి చూశారు.

జమునాబాయి చుట్టూ చేయి అందినంత మేర నేల శుభ్రమైంది, సగం చందమామలా. దాని అవతల కూరంతా అట్లాగే ఉంది. ఆమె ముందుకు వంగింది, ఇంకొంచెం వంగింది. అరచేయి దూరంలో చెంచలి రెమ్మ ఉంది. వేళ్లు గాలిలోనే ఆగిపోయాయి. జరగడానికి కాలు రాదు.

జడ్జి మేడం కూర్చుని టైపిస్టు వైపు తిరిగారు. "రాయండి. వృత్తి, చేలల్లో ఆకుకూరలు ఏరి అమ్ముట. కోర్టు స్వయంగా చూసింది. గాయం వల్ల ఇప్పుడు ఆమె చేయి ఎంతవరకు అందుతుందో, ఎక్కడ ఆగుతుందో, అది కూడా రాయండి." తర్వాత దేవిదాస్‌ను చూసి, "ఇంకేమన్నా అడుగుతారా?" అన్నారు.

దేవిదాస్ ఆ చెంచలి రెమ్మ వైపు చూశాడు. "లేదు మేడం" అని కూర్చున్నాడు.

"సవరణకు దరఖాస్తు ఇయ్యాల్టి దినమే పెడతం మేడం" అన్నాడు రాజేశ్వర్. కృపను చూడలేదు. రేపు తను ఆ ఆఫీసులో ఉంటుందో లేదో కృపకు తెలియలేదు. ఒళ్లంతా ఇంకా సిగ్గుగానే ఉంది. అందరి ముందు నడిచిపోయి, ఇస్త్రీ చీర కుచ్చెళ్లు పైకి దోపి, జమునాబాయి చేయి అందని చోట గొంతుక్కూర్చుంది. తుంచి, ఆమె ఒడిలో వేయడం మొదలుపెట్టింది.

జమునాబాయి ఒక రెమ్మ తీసి చూసి, విదిలించి పక్కన పడేసింది. "ముదురు కాడ తెంపుతరా ఎవరన్న? మీ అవ్వ నేర్పలేదా నీకు?"

"నేర్పింది" అంది కృప, హాలంతా వినబడేట్టు.